బండి వెళ్లింది, పేరు మిగిలింది

2023 జనవరి. ఉత్తరాయణ్ పండుగ ముగిసింది. తెగిన గాలిపటాలు సూరత్ వీధుల్లో కరెంటు తీగలకు ఇంకా వేలాడుతున్నాయి. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్ల దగ్గరున్న మా శాఖలో సోమవారం రద్దీ. అంతలో ఫోన్ మోగింది. విజయవాడ నుంచి ఒక హెడ్ కానిస్టేబుల్.

“ఏపీ-16 నంబరు స్కూటర్ మీదేనా అండీ?”

“నాదేనండి. కానీ పోయిన మే నెలలోనే అమ్మేశాను.”

“మీరు అమ్మి ఉండొచ్చు. రికార్డులో మాత్రం మీ పేరే ఉంది. యాక్సిడెంట్ అయింది. పూలమ్ముకునే పెద్దావిడకు కాలు విరిగింది. ఆ రోజు బండి ఎవరు నడిపారో మీరే చెప్పాలి. నోటీసు పంపిస్తాం.”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఎదురుగా ఉన్న కస్టమర్ ఏం అడుగుతున్నాడో నాకు వినపడలేదు. నోటీసు, కోర్టు అన్న మాటల కంటే, ఆ పెద్దావిడ ఎవరు, నా బండి ఆమె దాకా ఎలా వెళ్లింది అన్నదే బుర్రలో తిరిగింది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా రెండు రోజుల ముందే సూరత్‌లో ఒక పాత కారు కొనడానికి అయిదు వేలు టోకెన్ ఇచ్చి వచ్చాను. అమ్మినవాడిగా చేసిన తప్పు, కొనేవాడిగా చేయబోతున్న తప్పు ఒకే వారంలో నా ముందుకు వచ్చాయి. బదిలీల మీద ఊళ్లు మారే మన బ్యాంకు కుటుంబాల్లో పాత బండి కొనని ఇల్లు, అమ్మని ఇల్లు ఉండదు. అందుకే నా అనుభవాన్ని, దాని వల్ల నేర్చుకున్న నియమాలను మీతో పంచుకుంటున్నాను.

బదిలీ హడావిడిలో ఒక సంతకం

2022 మేలో నాకు సూరత్ బదిలీ అయింది. సామాను కట్టాలి, పిల్లల టి.సి.లు తీసుకోవాలి, గ్యాస్ అప్పగించాలి. ఎనిమిదేళ్ల స్కూటర్‌ను అంత దూరం తీసుకెళ్లడం దండగ అనిపించింది. మా వీధి చివర ఇస్త్రీ చేసే అతని తమ్ముడు పద్దెనిమిది వేలకు అడిగాడు. ఇచ్చేశాను. ఆర్‌సి, బీమా కాగితం, తాళాలు రెండూ చేతిలో పెట్టాను. ఫారం 29, ఫారం 30 మీద సంతకం చేసి, తేదీ వేయకుండా, కొన్నవారి పేరు రాయకుండా ఇచ్చాను.

“వారంలో నా పేరున మార్పించుకుంటాను అన్నయ్యా, మీరు నిశ్చింతగా వెళ్లండి” అన్నాడు. మనిషి మంచివాడే. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ రవాణా కార్యాలయానికి వెళ్లడానికి అతనికి తీరిక దొరకలేదు. మూడు నెలల తర్వాత డబ్బు అవసరమై ఇంకొకరికి అమ్మేశాడు. నా సంతకాలున్న ఖాళీ ఫారాలు కూడా బండితో పాటే చేతులు మారాయి. ఈలోగా నేను కట్టిన బీమా గడువు ముగిసింది. ఎవరూ మళ్లీ కట్టలేదు. ఆ రెండో అతని కొడుకు బండి నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగింది.

ఆ సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. ఆమె అంతా విని ఒకటే మాట అంది: “రోజూ కౌంటరు దగ్గర కస్టమర్లను పది కాగితాలు అడుగుతారు కదండీ, మనింటి బండికి ఒక్క రసీదైనా అడగలేదా?” నా దగ్గర సమాధానం లేదు.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది. అదే రాష్ట్రంలో నమోదైన బండిని అమ్మితే, అమ్మినవారు 14 రోజుల్లోగా రిజిస్టర్ చేసే అధికారికి ఆ సంగతి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తన పేరున మార్చమని కోరాలి. అంటే ఇది కొన్నవారి పని మాత్రమే కాదు. మొదటి అడుగు అమ్మినవారిదే. ఫారం 29 అనేది అమ్మినవారు ఇచ్చే సమాచారం. రెండు ప్రతులు ఇవ్వాలి. ఫారం 30 యాజమాన్య మార్పిడికి సంబంధించిన దరఖాస్తు. నేను రెంటి మీదా సంతకం పెట్టాను కానీ, ఒక్కదాన్నీ కార్యాలయానికి చేర్చలేదు. కార్యాలయానికి చేరని ఫారం మన బీరువాలోని తెల్ల కాగితంతో సమానం.

నాకు తెలిసిన న్యాయవాది ఒకరు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి చెప్పారు. ఆ కేసులో ఒక కారు వరుసగా అనేక చేతులు మారింది. రిజిస్టరులో మాత్రం మొదటి యజమాని పేరే ఉండిపోయింది. 2009లో ప్రమాదం జరిగినప్పుడు, “నేను ఎప్పుడో అమ్మేశాను” అని ఆయన వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. రిజిస్టరులో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అంది. దెబ్బ తిన్నవారు బండి ఎవరి నుంచి ఎవరికి మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది అందులోని న్యాయం.

మొదట ఈ తీర్పు నాకు అన్యాయంగా తోచింది. తర్వాత ఆలోచించాను. తాకట్టు పెట్టిన ఇంటి విషయంలో మనం చూసేదీ ఇదే కదా? ఇంట్లో ఎవరు ఉంటున్నారు, తాళం ఎవరి దగ్గర ఉంది అని కాదు, రిజిస్టరైన దస్తావేజులో ఎవరి పేరుందని చూస్తాం. బండికి ఆర్‌సి అలాంటిదే. డబ్బు, తాళం చేతులు మారడంతో సగం పనే అవుతుంది.

సూరత్‌లో ‘చాల్‌శే’

ఇక కారు కథకు వద్దాం. సూరత్‌లో మా ఇంటికీ పిల్లల బడికీ మధ్య తాపీ నది. నలుగురం రెండు ఆటోల్లో తిరగడం భారమైంది. కొత్త కారుకు మూడేళ్ల బదిలీ కాలం చాలదనిపించి, పాతది వెతికాను. ఒక మధ్యవర్తి ఆరేళ్ల వ్యాగన్‌ఆర్ చూపించాడు. సి.ఎన్.జి. కిట్ ఉంది, ధర అందుబాటులో ఉంది. నంబరు జిజె-05, అంటే సూరత్ రిజిస్ట్రేషనే.

“ఆర్‌సిలో పేరు వేరే ఉందేం?” అని అడిగాను. “మొదటి ఓనరు వడోదర వెళ్లిపోయాడు, ఆయన సంతకం చేసిన ఫారాలు నా దగ్గర ఉన్నాయి, చాల్‌శే” అన్నాడు. బీమా గడువు? “చాల్‌శే.” సి.ఎన్.జి. కిట్ ఆర్‌సిలో ఎక్కించారా? “చాల్‌శే.” గుజరాతీలో ఆ మాటకు ‘నడుస్తుంది’ అని అర్థం. మనవాళ్లు ‘నడుస్తుందిలే’ అన్నట్టే. వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! టోకెన్ ఇచ్చేశాను.

విజయవాడ ఫోన్ వచ్చిన మరుసటి ఆదివారం ఆ కాగితాలు తీసుకుని లింబాయత్ వెళ్లాను. ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో పవర్‌లూమ్‌ల పని కోసం కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్ వైపు నుంచి తరాల క్రితమే వచ్చి స్థిరపడిన మన చేనేత కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. అక్కడ ఒక తెలుగు మెకానిక్ పరిచయమయ్యాడు. వాళ్ల నాన్న మగ్గం పనికి వచ్చారట. ఇతను అక్కడే పుట్టి, అలాంటి తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దుకుని, తర్వాత గుజరాతీ నేర్చుకున్నాడు.

అతను కారు చుట్టూ తిరిగి, కాగితాలు చదివి అన్నాడు: “సార్, బండి మంచిగనే ఉన్నది. కాగితమే మంచిగ లేదు.”

మధ్యవర్తి రాసిచ్చిన స్టాంపు పేపరు గుజరాతీలో ఉంది. నేను చదవలేక, అంకెలు మాత్రం చూసి సరే అనుకున్నాను. గుజరాతీలో 5 అంకె, ‘ప’ అక్షరం ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 2 అంకెకూ ‘ర’ అక్షరానికీ అంతే పోలిక. తెలియనివాడికి ఏది అంకో ఏది అక్షరమో తెలియదు. మెకానిక్ తమ్ముడు చదివి చెప్పాడు: “పాత చలాన్లు, యాక్సిడెంట్లు అన్నీ కొన్నాయన జిమ్మేదారీ అని రాసిండ్రు సార్. తేదీ మాత్రం ఖాళీగ ఇడిసిపెట్టిండ్రు.”

నాకు వడోదర వెళ్లిపోయిన ఆ మొదటి యజమాని కళ్ల ముందు మెదిలాడు. నేను ఆయన ముఖం ఎరుగను. కానీ ఆయన పరిస్థితి తెలుసు. నాలాగే ఖాళీ ఫారాల మీద సంతకం చేసి, తన బండి ఎవరి చేతిలో ఉందో తెలియకుండా ఎక్కడో ఉన్నాడు. రేపు నేను ఆ కారుతో ఎవరినైనా గుద్దితే ఫోన్ వెళ్లేది ఆయనకే. ఆయన ఫోన్ నంబరు ఇమ్మని మధ్యవర్తిని అడిగాను. ఇవ్వలేదు. టోకెన్ కూడా తిరిగి ఇవ్వలేదు. అయిదు వేలు పోయాయి. ఆ బండి వదిలేశాను.

రెండో కారు: అప్పు తీరింది, పేరు చెరగలేదు

ఫిబ్రవరిలో అడాజణ్‌లో ఒక కుటుంబం తమ కారు స్వయంగా అమ్ముతున్నారని తెలిసింది. ఆర్‌సిలో పేరు, ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కరే. ఆధార్‌తో సరిచూసుకున్నాను. అయితే ఆర్‌సిలో హైపోథికేషన్ కింద ఒక బ్యాంకు పేరు కనిపించింది. “లోను 2020లోనే తీర్చేశాం” అన్నారు. నిజమే, ఖాతా మూసిన ఉత్తరం చూపించారు. కానీ నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా కార్యాలయంలో ఇవ్వలేదు. రిజిస్టరు దృష్టిలో ఆ కారు మీద అప్పు ఇంకా ఉంది.

ఇది మనందరం ఆగి ఆలోచించాల్సిన చోటు. వాహన రుణం తీర్చిన కస్టమరుకు మనం చివరి రోజున ఏం ఇస్తున్నాం? చాలాసార్లు ‘ఖాతా మూసివేయబడింది’ అన్న ఒక్క మాట. నిరభ్యంతర పత్రం, సంతకం చేసిన ఫారం 35 చేతికిచ్చి, “దీన్ని త్వరగా రవాణా కార్యాలయంలో ఇచ్చి ఆర్‌సి మార్పించుకోండి, ఈ పత్రానికి గడువుంది” అని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ గడువు సాధారణంగా మూడు నెలలు. ఆ రెండు నిమిషాలు లేకపోవడం వల్ల అడాజణ్ కుటుంబం మూడు వారాలు తిరిగింది. బీమా పాలసీలో కూడా బ్యాంకు పేరు తీయించాల్సి వచ్చింది. అంతా అయ్యాకే నేను మిగిలిన డబ్బు బదిలీ చేశాను. మార్చిలో కారు మా ఇంటికి వచ్చింది.

కొనే ముందు చూడవలసినవి

ఆ రెండు కార్ల వల్ల నేను రాసుకున్న జాబితా ఇది. కత్తిరించి దాచుకోవచ్చు.

1. పేరు: ఆర్‌సిలో ఉన్న వ్యక్తే అమ్ముతున్నారా? ఆయన గుర్తింపు కార్డు చూడండి. వేరే ఎవరైనా అమ్ముతుంటే, అసలు యజమానితో స్వయంగా మాట్లాడేదాకా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. యజమాని చనిపోయి ఉంటే, ముందు వారసుల పేరున మారాలి. ఆ తర్వాతే మీరు కొనాలి.

2. నంబర్లు: ఆర్‌సిలోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబర్లతో అక్షరం అక్షరం కలవాలి. రుద్దినట్లు, మళ్లీ కొట్టినట్లు ఉంటే వదిలేయండి.

3. ప్రభుత్వ రికార్డు: పరివాహన్ వెబ్‌సైటులో, లేదా ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు వేస్తే రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, బీమా గడువు, పొల్యూషన్ పత్రం గడువు, అప్పు ఉందా లేదా తెలుస్తాయి. ఈ-చలాన్లు విడిగా చూడాలి. పాత చలాన్లన్నీ అమ్మేవారి చేత కట్టించాకే ముందుకు వెళ్లండి.

4. సి.ఎన్.జి. కిట్: బయట బిగించినదైతే ఆర్‌సిలో ఎక్కి ఉండాలి, బీమాలో కూడా రాసి ఉండాలి. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష చేయించాలి. ఆ తేదీ సిలిండరు పలక మీద ఉంటుంది. గుజరాత్‌లో సి.ఎన్.జి. బండ్లు ఎక్కువ కాబట్టి ఇది తప్పక చూడాలి.

5. నీటి జాడ: 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నీరు వదిలినప్పుడు తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. ఇప్పటికీ పెద్ద వానలకు ఊళ్లోని ఖాడీలు, అంటే వాగులు, పొంగి లింబాయత్ వంటి ప్రాంతాల్లోకి నీళ్లు వస్తాయి. మన విజయవాడలోనూ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి వేల బండ్లు మునగడం చూశాం. మునిగిన కారు కడిగి తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. మెకానిక్ తమ్ముడు నేర్పిన పద్ధతి: సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అడుగున మట్టి మరక దాగుతుంది. సీట్ల కింద ఇనుప పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో బురద, తివాచీ కింద ముక్క వాసన చూడండి.

6. మీటరు: ఎంత తిరిగిందో మీటరు ఒక్కటే నమ్మొద్దు. కంపెనీ సర్వీసు కేంద్రంలో ఆ నంబరు మీద ఉన్న సర్వీసు రికార్డు అడిగి సరిచూడండి.

డబ్బు ఇచ్చేటప్పుడు

టోకెన్‌కు కూడా రసీదు రాయించండి. అందులో బండి నంబరు, మొత్తం ధర, ఏ కారణంతో ఒప్పందం ఆగితే టోకెన్ తిరిగి ఇవ్వాలో ఉండాలి. నేను పోగొట్టుకున్న అయిదు వేలు ఈ ఒక్క వాక్యం లేకే పోయాయి. ఒప్పందం మీకు రాని భాషలో ఉంటే, చదవగల మనిషితో పూర్తిగా చదివించుకోండి. మిగిలిన మొత్తం ఖాతా నుంచి ఖాతాకే పంపండి, అదీ ఆర్‌సిలో ఉన్న యజమాని ఖాతాకే. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధమని మనకు తెలియనిది కాదు.

ఇంకో సంగతి మన ఉద్యోగులకు మాత్రమే. నిర్ణీత పరిమితి దాటిన చరాస్తి కొన్నా, అమ్మినా ప్రవర్తనా నియమాల ప్రకారం బ్యాంకుకు తెలియజేయాలి. కారు కొన్న సంబరంలో చాలామంది మరచిపోయేది ఇదే.

కొన్నాక రెండు గడువులు

మొదటిది 30 రోజులు: పేరు మార్పిడి. దరఖాస్తు, రుసుము పని చాలావరకు ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. పరాయి రాష్ట్రంలో మనకు వచ్చే చిక్కు చిరునామా. మా ఇల్లు బ్యాంకు లీజులో ఉంది కనుక అద్దె ఒప్పందం నా పేరున లేదు, బ్యాంకు పేరున ఉంది. ఆధార్‌లో విజయవాడ చిరునామా. అందుకే ముందు మా పేరుకు మారిన గ్యాస్ కనెక్షన్ బిల్లుతో ఆధార్‌లో సూరత్ చిరునామా ఎక్కించుకున్నాను. కొత్త ఊళ్లో దిగిన నెలలోనే ఈ పని చేసుకుంటే బండి ఒక్కటే కాదు, చాలా పనులు సులువవుతాయి.

రెండోది 14 రోజులు: బీమా. యాజమాన్యం మారినప్పుడు థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి సంక్రమించినట్లే చట్టం భావిస్తుంది. కానీ మన బండికి జరిగే నష్టం మాట వేరు. పాలసీ మన పేరున మారకపోతే క్లెయిము తిరస్కరించే వీలుంటుంది. అందుకే 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. క్లెయిములు లేనందుకు దొరికే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. అయిదేళ్లు క్లెయిము లేకపోతే అది 50 శాతం దాకా పెరుగుతుంది. అమ్మేవారు ఆ బోనస్ పత్రం తీసుకుంటే మూడేళ్లలోగా తాము కొనే వేరే బండికి వాడుకోవచ్చు.

మళ్లీ బదిలీ అయితే?

ఒక రాష్ట్రపు బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు ముందు పాత రవాణా కార్యాలయం నుంచి ఫారం 28తో నిరభ్యంతర పత్రం, ఆ తర్వాత కొత్త చోట ఫారం 27, అక్కడి పన్ను. పాత రాష్ట్రంలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు కానీ, ఓపిక కావాలి.

ఇలా ఊళ్లు మారే ఉద్యోగుల కోసమే 2021 సెప్టెంబరు 15 నుంచి భారత్ సిరీస్, అంటే బి.హెచ్. నంబర్లు వచ్చాయి. ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు అర్హులు. పన్ను ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టాలి. ఊరు మారినా నంబరు మారదు. 2022 డిసెంబరులో చేసిన సవరణతో మామూలు నంబరున్న బండిని కూడా ఈ సిరీస్‌లోకి మార్చుకునే వీలు కలిగింది. తరచు బదిలీ అయ్యే మనవారు కొత్త బండి కొనే ముందు ఈ దారి ఆలోచించడం మంచిది.

ఇంటివారికి ఒక మాట

ఇది రాయడం కష్టమే, కానీ రాయకపోతే వ్యాసం అసంపూర్ణం. యజమాని చనిపోతే, బండి వాడుకునే కుటుంబ సభ్యులు 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో తమ పేరున మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. 2021 నుంచి ఆర్‌సిలో నామినీ పేరు నమోదు చేసుకునే వీలుంది. డిపాజిట్‌కు నామినీ అడిగే మనం బండికీ రాయించుకుందాం.

అమ్మేవారికి ఉన్నవి మూడు పనులే

ఒకటి: కొన్నవారితో కలిసి మీరే వెళ్లి, లేదా ఆన్‌లైన్‌లో కలిసి కూర్చుని, మార్పిడి దరఖాస్తు పెట్టించండి. పేరు, తేదీ లేని ఫారం మీద సంతకం చేయవద్దు. రెండు: అది ఏ కారణంగానైనా ఆలస్యమైతే 14 రోజులు దాటకుండా మీ ఫారం 29 మీరే పంపి, అందిన రుజువు దాచుకోండి. బండి అప్పగించిన తేదీ, గంట రాసి, కొన్నవారి సంతకం, గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. మూడు: రికార్డులో పేరు మారేదాకా బీమా ఆగకుండా చూడండి. ఆ ఒక్క బీమా ఉండి ఉంటే నా కథ వేరుగా ఉండేది.

పాత బండ్ల వ్యాపారికి అమ్మేవారికి 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక రక్షణ వచ్చింది. రవాణా శాఖ అనుమతి పొందిన వ్యాపారికి బండి అప్పగిస్తూ ఇద్దరూ కలిసి ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అక్కడి నుంచి బాధ్యత ఆ వ్యాపారిది. కాబట్టి వ్యాపారికి ఆ అనుమతి పత్రం ఉందా అని ముందే అడగండి.

ఆ పెద్దావిడ

నోటీసు వచ్చింది. జవాబిచ్చాను. తర్వాత పరిహారం కోసం ట్రిబ్యునల్లో కేసు వేశారు. ప్రతివాదుల్లో నా పేరు కూడా. వాయిదాలకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో సూరత్ నుంచి విజయవాడకు నాలుగుసార్లు వెళ్లాను. 2024లో లోక్ అదాలత్‌లో రెండు లక్షల నలభై వేలకు రాజీ కుదిరింది. బండి నడిపిన కుర్రాడి తండ్రి లక్ష ఇచ్చాడు. మిగిలింది నేను కట్టాను. మా అమ్మాయి కాలేజీ చేరికకు దాచిన డబ్బది. పద్దెనిమిది వేలకు అమ్మిన బండికి లక్షా నలభై వేలు.

ఆ రోజు ఆ పెద్దావిడను మొదటిసారి చూశాను. చేతికర్ర పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సంతకాలయ్యాక నన్ను దగ్గరికి పిలిచి, “బండి నీదేనా బాబూ?” అని అడిగింది. అమ్మేశానని పోలీసుకు చెప్పాను, న్యాయవాదికి చెప్పాను, కోర్టుకూ చెప్పాను. ఆమెకు చెప్పలేకపోయాను. “అవునమ్మా” అన్నాను. ఆమె తలాడించి, పూలబుట్ట పెట్టుకునే చోటికి ఇప్పుడు మనవరాలు వెళుతోందని చెప్పింది. ఆమెకు కావలసింది ఒక పేరు. నాలుగు చేతులు మారిన బండి చరిత్ర ఆమెకెందుకు?

2025 జూన్‌లో మళ్లీ బదిలీ అయింది. సూరత్ కారును అక్కడే ఒక యువ దంపతులకు అమ్మాను. వాళ్లు “మేం మార్పించుకుంటాం అంకుల్” అన్నారు. నవ్వి, కలిసే వెళ్దామన్నాను. దరఖాస్తు పెట్టాక కూడా సామాను లారీ ఎక్కించే హడావిడిలో రోజూ ఆ నంబరు చూస్తూనే ఉన్నాను. పేరు మారిందని కనిపించిన సాయంత్రం లింబాయత్ వెళ్లి మెకానిక్ తమ్ముడికి చూపించాను. “ఇప్పుడు మంచిగుంది సార్, కాగితం” అన్నాడు.

కొత్త శాఖలో చేరాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. ఆరుగురం ఉన్నాం. అందరూ ఎప్పుడో అమ్మేసిన తమ బండ్ల నంబర్లు గుర్తు చేసుకుని ఎంపరివాహన్‌లో వేసి చూశారు. యాప్ పేరులోని కొన్ని అక్షరాలను కప్పి చూపిస్తుంది, అయినా మన పేరు మనకు తెలుస్తుంది. ఇద్దరికి తమ పేరే కనిపించింది. అందులో ఒకరు తొమ్మిదేళ్ల క్రితం అమ్మిన బైకు. ఆయన డబ్బా మూత పెట్టేసి, కొన్నాయనకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లారు.

ఈ పత్రిక మూసేలోగా మీరు కూడా మీ పాత బండి నంబరు ఒకసారి వేసి చూడండి.